క్యాలెండర్ దేవుళ్లు ఎక్కిన అమెరికా పాట

‘మూసీ ఒడ్డు పాటలు’ – 14వ భాగం

1991 సెప్టెంబరు 5న లాస్ ఏంజెలెస్‌లో ఎమ్‌టీవీ వాళ్ల వార్షిక బహుమతుల సభ జరిగింది. ఒకే ఒక్క పాట వీడియో ఆ రాత్రి ఆరు బహుమతులు పట్టుకుపోయింది. ఆ ఏటి మేటి వీడియో బహుమతి కూడా దానిదే. ఆర్.ఇ.ఎమ్. అనే బృందం పాడిన ‘లూజింగ్ మై రెలిజియన్’ అది. గాయకుడు మైకేల్ స్టైప్ ఒకదాని మీద ఒకటిగా బోలెడు టీ షర్టులు తొడుక్కుని వచ్చి, బహుమతికొకటి చొప్పున విప్పుతూ పోయాడు. ప్రతి షర్టు మీదా ఒక నినాదం: అడవుల గురించి ఒకటి, తుపాకుల మీద అదుపు గురించి ఒకటి.

సరిగ్గా పది రోజులకు, 15వ తేదీన, అదే ఎమ్‌టీవీ హాంకాంగ్‌లోని స్టార్ టీవీ ద్వారా ఆసియా ప్రసారాలు మొదలుపెట్టింది. ఏషియాశాట్-1 ఉపగ్రహం నుంచి దిగే ఆ సంకేతం దూరదర్శన్ అనుమతి కోసం ఆగేది కాదు. డాబా మీద డిష్ పెట్టి, గల్లీలోకి తీగ లాగగలిగే కేబుల్ వాలా ఒకడుంటే చాలు. హైదరాబాదులో అలాంటివాళ్లు అప్పుడప్పుడే పుట్టుకొస్తున్నారు.

పోయిన భాగంలో క్యాసెట్ల దగ్గర ఆగాం. క్యాసెట్ కాలంలో పాటకు ముఖం లేదు. అట్ట మీద అగ్గిపెట్టెంత ఫొటో, అంతే. బొమ్మ కావాలంటే పాట సినిమాలో ఉండాలి. సినిమాతో సంబంధం లేని పాటను కేవలం చూడటం కోసం చిత్రీకరించడమన్నది మనకు కొత్త. 1988లో దూరదర్శన్ వేసిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ను లెక్కలోకి తీసుకోవచ్చు. 

పాతబస్తీకి ఈ తీగలు వచ్చిన సమయం మామూలుది కాదు. 1990 డిసెంబరు మతకల్లోలాల్లో ఇక్కడ వందమందికి పైగా చనిపోయారు. ఆ నెలలోనే మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి పోయి, నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. నెల తిరగకుండానే గల్ఫ్ యుద్ధం. పురానాపూల్, కార్వాన్, చార్మినార్ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని గల్లీ అరుదు. ఉపగ్రహం వార్తల విలువ జనానికి అప్పుడు తెలిసింది. యుద్ధం కోసం కొన్న డిష్‌లు యుద్ధమయ్యాక కిందికి దిగలేదు, వాటిలోంచి పాటలు దిగాయి.

పేరులో మతం ఉన్న పాట అలాంటి ఊరికి అలాంటి ఏడాదిలో రావడం వింతే గానీ, ఆ పాటకు మతంతో పనిలేదు. అమెరికా దక్షిణాదిలో ఓపిక నశించిందని చెప్పడానికి అదొక నానుడి. ఒకరి మీద మనసు పడి, ఆ మాట చెప్పాలో దాచుకోవాలో తేల్చుకోలేక నలిగిపోయేవాడి గోడు ఈ పాట. స్టైప్ కూడా ఇది ఏకపక్ష ప్రేమ పాటేనని ఎన్నోసార్లు చెప్పాడు. మతమంతా వీడియోలో వచ్చి చేరింది. చేర్చినవాడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. అతని దగ్గరికి వచ్చేముందు పాట పుట్టుక చెప్పాలి, ఎందుకంటే అందులోనూ మనకు తెలిసిన వస్తువు ఒకటుంది.

జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయం ఊరు. మైకేల్ స్టైప్, పీటర్ బక్, మైక్ మిల్స్, బిల్ బెర్రీ అక్కడే కలిశారు. 1980 ఏప్రిల్ 5న వాళ్ల మొదటి కచేరీ వాడకం నుంచి తప్పించిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు విందులో జరిగింది. పదేళ్లపాటు వాళ్లను మోసింది పెద్ద రేడియోలు కావు, కాలేజీ రేడియోలు. విద్యార్థులు నడుపుకునే ఆ చిన్న స్టేషన్ల నుంచే ‘ఆల్టర్నేటివ్ రాక్’ అనే జాతి బలపడింది. పెద్ద కంపెనీల బాణీకి లొంగని గిటారు పాట అని దానికి లక్షణం చెప్పుకోవచ్చు. 1988లో వాళ్లు వార్నర్ బ్రదర్స్ కంపెనీకి మారారు. లొంగని పాట పెద్ద కంపెనీ గుమ్మం ఎక్కితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ పాట ఒక జవాబు.

గిటారు వాయించి వాయించి పీటర్ బక్‌కు విసుగొచ్చింది. ఒక మాండొలిన్ కొని, టీవీ చూస్తూ సాధన చేసుకునేవాడు. చేసిందంతా టేపులో రికార్డు చేసుకోవడం అలవాటు. మర్నాడు విని చూస్తే, నేర్చుకునేవాడి తడబాట్ల మధ్య ఒక వరుస తళుక్కుమంది. అదే పాటకు వెన్నెముక అయింది. 1990 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో రికార్డింగు. స్టైప్ తన గొంతును ఒకే టేకులో ముగించాడు. తర్వాత అట్లాంటా సింఫనీ వాద్యకారులతో తీగవాద్యాలు కలిపారు. ఈ పాటకు పల్లవి లాంటి పల్లవి లేదు. ముందు నిలబడింది గిటారు కాదు, మాండొలిన్. రేడియోలో ఇది పోతుందా అని కంపెనీ నసిగింది. 1991 ఫిబ్రవరిలో విడుదలైన పాట బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. ఆ బృందం అంత పైకి మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు. దాన్ని మోసిన ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ మాత్రం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఒకటో స్థానంలో కూర్చుంది.

మాండొలిన్ అనగానే తెలుగువాడి చెవి అమెరికా వెళ్లదు, పాలకొల్లు వెళ్తుంది. ఉప్పలపు శ్రీనివాస్ అక్కడ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్ ఆరేళ్ల పిల్లవాడి చేతికి చిక్కింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు దాన్ని తీగల మీదికి దించుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. జంట తీగల ఇటలీ వాద్యం గమకానికి లొంగదని జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు, విద్యుత్తు కలిపాడు. 1983లో బెర్లిన్ జాజ్ పండగ దాకా వెళ్లొచ్చాడు. అంటే ఆర్.ఇ.ఎమ్. వాళ్లు మాండొలిన్ పట్టుకునేనాటికి, దాన్ని పెద్ద వాద్యాల సరసన నిలబెట్టిన మనిషి మన దగ్గర అప్పటికే ఉన్నాడు.

అంతకంటే ముందు ఇంకొకటి. 1975లో బాపు ‘ముత్యాల ముగ్గు’ నేపథ్య సంగీతంలో వినిపించే మాండొలిన్ సజ్జాద్ హుస్సేన్‌ది. హిందీ సినిమాల్లో ఎవరితోనూ పడని సంగీత దర్శకుడిగా పేరుపడ్డ అదే సజ్జాద్. కథానాయిక కష్టాలన్నీ ఆ తీగ మీదనే నడిచాయి. బక్ వరుసలోని దిగులు మన వాళ్లకు పరాయిగా తోచకపోతే అందులో ఆశ్చర్యం లేదు.

ఇక బొమ్మ. తర్సేమ్ తండ్రి ఇరాన్‌లో విమానాల ఇంజనీరు. పిల్లవాడి చదువు సిమ్లా బిషప్ కాటన్ బడిలో. తర్వాత కాలిఫోర్నియాలో పాసడీనా ఆర్ట్ సెంటర్‌లో చేరాడు. ఈ పాట దగ్గరికి వచ్చేసరికి సుజాన్ వేగాకూ ఎన్ వోగ్‌కూ వీడియోలు తీసి ఉన్నాడు, వయసు ముప్ఫై లోపే. తాను ఒక రకం భారతీయ సినిమా పద్ధతిలో తీస్తానని చెప్పాడట. అంతా అతిగా, అంతా కలలో జరిగినట్టు. ఈ సంగతి స్టైప్ తర్వాత చెప్పుకొచ్చాడు.

వీడియో ఒక గదిలో మొదలవుతుంది. కిటికీ, బయట వాన, కింద పడి పగిలే పాల కూజా. ఆ కూజా రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీ ‘శాక్రిఫైస్’ సినిమాలోది. స్టైప్ కుర్చీలో కూర్చుంటాడు, లేచి చేతులు విసురుతూ ఒంటరిగా ఆడతాడు. అంతకుముందు వీడియోల్లో పాటకు పెదవి కలపనని మొండికేసిన మనిషి, ఇందులో కలిపాడు. మధ్యమధ్య ఇంకో లోకం తెరుచుకుంటుంది. రెక్కలున్న ముసలివాడు ఆకాశం నుంచి కింద పడతాడు. గార్సియా మార్క్వెజ్ కథలో పెరట్లోని బురదలో కూలి, కోళ్ల గూట్లో బందీ అయిన దేవదూత ఇతనే. బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్ ఉన్నాడు. క్రీస్తు గాయంలో వేలు పెట్టి చూసే థామస్ ఉన్నాడు, ఆ వెలుగునీడలు కరవాజ్జో చిత్రంలోవి. సోవియట్ పోస్టర్ల నుంచి లేచివచ్చినట్టున్న కార్మికులు ఇనుప రెక్కలు సాగగొడుతుంటారు. వీళ్ల నడుమ కదలకుండా ఫ్రేములో నిలబడ్డ హిందూ దేవతలు.

అమెరికా విమర్శకులకు కరవాజ్జో వెంటనే దొరికాడు, తార్కోవ్‌స్కీ దొరికాడు. పియెర్ ఎ జీల్ అనే పారిస్ జంట కూడా దొరికింది. ఫొటో తీసి దాని మీద చేత్తో రంగులు పూసే ఆ ఇద్దరూ భారతదేశం తిరిగినవాళ్లే. వాళ్ల మెరుపుల వెనకాల మన బజారు దేవుళ్ల పటాలు తొంగిచూస్తుంటాయి. అంటే ఇక్కడి పటం పారిస్ వెళ్లి కళ అయి, అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లి వీడియో అయి, హాంకాంగ్ మీదుగా మళ్లీ పటం పుట్టిన దేశానికి వచ్చింది. నా ఉద్దేశంలో ఈ వీడియో అసలు చిరునామా కరవాజ్జో దగ్గర లేదు. కిరాణా కొట్టు గోడ మీద ఉంది.

ఆ గోడకు ఒక చరిత్ర ఉంది. రాజా రవివర్మ 1894లో బొంబాయి ఘాట్‌కోపర్‌లో అచ్చు యంత్రాలు పెట్టించాడు, జర్మనీ పనివాళ్లను రప్పించాడు. గుడిలోకి రానివ్వనివాడి ఇంటికి కూడా లక్ష్మీ సరస్వతులు పటాలుగా వెళ్లింది అప్పటి నుంచే. దక్షిణాదిలో ఆ పనిని శివకాశి అందుకుంది. దానికి చేయి ఇచ్చినవాడు సి.కొండయ్య రాజు. మద్రాసు మైలాపూరులో 1898లో రాజుల కుటుంబంలో పుట్టాడు, మద్రాసు కళాశాలలో చిత్రలేఖనం నేర్చాడు, కొన్నాళ్లు తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో ఉన్నాడు. తర్వాత నాటక కంపెనీకి తెరలు గీసే పనిలో చేరి, కోవిల్‌పట్టిలో స్థిరపడ్డాడు. ఆయన, ఆయన శిష్యులు గీసిన దేవుళ్లే శివకాశి క్యాలెండర్లలో దక్షిణాదంతా తిరిగారు. క్యాలెండర్ దేవుడి వెనకాల మేఘాలు, కొండలు, స్తంభాలు ఎందుకు నాటకం తెరలా ఉంటాయో ఇప్పుడు తెలుస్తుంది. గీసిన చేయి నాటకం తెరల చేయి.

తెలుగు నాటకం తెరలంటే సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలుపెట్టిన వనారస గోవిందరావు వంశం వాళ్లు దేవతలను తీగల మీద ఆకాశం నుంచి దించారు, అగ్నిని పుట్టించారు, ఘటోత్కచుణ్ణి గాల్లోకి ఎగరేశారు. ఆ విద్యను 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ కెమెరా ముందుకు తెచ్చింది. గోఖలే, కళాధర్ కట్టిన సెట్లు, మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలు. ఆ సినిమాతో పేరుపడ్డ ఎన్టీఆర్ కృష్ణుడు క్యాలెండరెక్కి, పూజ గదుల్లోకి కూడా వెళ్లాడు. తెర నుంచి పటానికి, పటం నుంచి సినిమాకు, సినిమా నుంచి మళ్లీ పటానికి ఇలా చక్రం తిరిగింది. తర్సేమ్ చెప్పిన ‘ఒక రకం భారతీయ సినిమా’ పంజాబువాడికి హిందీలో కనిపించి ఉండొచ్చు, కానీ ఆ రకాన్ని అందరికంటే శ్రద్ధగా తీసింది మనవాళ్లు. పౌరాణికం చూసి పెరిగినవాడికి ‘లూజింగ్ మై రెలిజియన్’ వీడియో అర్థం కాకపోయే సమస్యే లేదు. అదొక పౌరాణికం, రాక్ పాట పెట్టి తీసింది.

పురానాపూల్ గురించి రెండు మాటలు, దేవుళ్లను తయారుచేసే ధూల్‌పేటకు దారి ఇదే గనక. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద కట్టించిన 22 కమానుల వంతెన ఇది. హైదరాబాదుకు పునాది పడటానికి 13 ఏళ్ల ముందు. భాగమతి కోసం కట్టిందన్న ప్రేమకథను నమ్మాలంటే, ఆమె ప్రియుడు, ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీకి అప్పటికి పన్నెండు పదమూడేళ్లన్న సంగతి మరిచిపోవాలి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీన్ని చూసి పారిస్‌లోని పాంట్ నెఫ్‌కు ఏమంత తీసిపోదన్నాడు. విచిత్రమేమంటే ఆ పాంట్ నెఫ్ పని మొదలైందీ 1578లోనే. 1820 వరదకు దెబ్బతింటే సికందర్ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబరు వరద ఊరిని తుడిచిపెట్టినా వంతెన మిగిలింది. ఇప్పుడు దాని మీద కూరగాయల బేరాలు సాగుతాయి. వాహనాలకు పక్కన కొత్త వంతెన ఉంది.

వంతెన దిగితే ఒకవైపు జుమేరాత్ బజార్. గురువారం గురువారం పాత సామాను రోడ్డు మీదికి వస్తుంది. మూతలేని టేప్‌రికార్డర్లు, రిమోట్‌లు, అద్దం పగిలిన దేవుడి పటాలు, విరిగిన డిష్ యాంటెన్నాలు ఒకే గుట్టలో. ఇంకోవైపు ధూల్‌పేట. వినాయక చవితికి నెలల ముందు నుంచీ అక్కడ కర్ర, గడ్డి, ప్లాస్టర్ కలిసి దేవుళ్లవుతుంటాయి. షెడ్డులో తల ఇంకా పెట్టని మొండేలు వరసగా నిలబడతాయి, చేతులు విడిగా ఆరుతుంటాయి, ఒకాయన కళ్లు మాత్రమే దిద్దుతాడు. సినిమా వచ్చిందంటే వినాయకుడికి ఆ హీరో వేషం వేస్తారు. వెనకాల రెక్కలు కావాలంటే రెక్కలు. తర్సేమ్ తన రెక్కల కార్మికులను సోవియట్ పోస్టర్లలో వెతుక్కున్నాడు గానీ, ధూల్‌పేట ఆగస్టులో ఒక మధ్యాహ్నం కెమెరా తిప్పినా పని జరిగిపోయేది.

నిజం చెప్పాలంటే వీడియోలో సరుకు మోతాదు మించింది. కరవాజ్జో, మార్క్వెజ్, రష్యా కమ్మరులు, మన దేవతలు, అందరూ నాలుగున్నర నిమిషాల్లో! ఎక్కడా నిలబడి చూడనివ్వడు. అయినా నిలిచింది, దానికి కారణం స్టైప్ ఆట. షినేడ్ ఓకానర్‌నూ డేవిడ్ బర్న్‌నూ మనసులో పెట్టుకుని ఆడానన్నాడు. ఆ ఆటలో అందం లేదు, అదుపు లేదు. చుట్టూ అంత అలంకారం ఉన్నప్పుడు మధ్యలో ఒక మనిషి ఏ అలంకారమూ లేకుండా చేతులు కొట్టుకోవడం పనిచేసింది. క్యాలెండర్ పటంలోనూ అంతే, ఎంత మెరుపు పూసినా కన్ను చివరికి దేవుడి ముఖం మీదే ఆగుతుంది. 1992 గ్రామీల్లో దీనికి ఉత్తమ లఘు వీడియో బహుమతి వచ్చింది, పాటకు పాప్ బృందగానం బహుమతి వచ్చింది. తర్సేమ్ ఆ తర్వాత ప్రకటనలు తీశాడు, 2000లో ‘ది సెల్’, 2006లో ‘ది ఫాల్’ తీశాడు. ఆ రెండో సినిమా కోసం జోధ్‌పూర్ నుంచి ఫతేపూర్ సిక్రీ దాకా వెళ్లాడు. దక్కన్ వైపు రాలేదు, మనకు దక్కనిది అదొక్కటి. ఆర్.ఇ.ఎమ్. 2011 సెప్టెంబరులో విడిపోయింది.

మాండొలిన్ శ్రీనివాస్ కథ ఇంకోలా ముగిసింది. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి పీటర్ గాబ్రియెల్ కంపెనీకి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశాడు, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో దేశాలు తిరిగాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్లకే పోయాడు. ఆయన తీగ, రాక్ వాళ్ల తీగ ఒకే రికార్డు మీద కలిసిన చోటు ‘డ్రీమ్’. తెలుగులో దాని గురించి రాసినవాళ్లు తక్కువ.

హైదరాబాదు డాబాల మీది డిష్‌లు మాత్రం ఈ రకం పాటను ఎక్కువ కాలం మోయలేదు. 1994లో ఎమ్‌టీవీకీ స్టార్‌కూ చెడింది, ఆ ఖాళీలో ఛానల్ వి వచ్చింది. 1996లో ఎమ్‌టీవీ తిరిగొచ్చేసరికి హిందీ సినిమా పాట దాని ప్రధాన సరుకయింది. అంతకు ఏడాది ముందే ఈటీవీ, జెమిని మొదలై తెలుగు ఇళ్లను అందుకున్నాయి. విదేశీ రాక్ అర్ధరాత్రికి జరిగి, ఆపైన జారిపోయింది.

పాతబస్తీ తన ముఖాన్ని తానే పాటలో చూసుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఉపగ్రహం పోయి ఫోను రావాల్సి వచ్చింది. రుహాన్ అర్షద్ దక్కనీలో పాడిన ‘మియా భాయ్’ ర్యాప్‌ను కోట్లమంది చూడటం, తర్వాత అతనే సంగీతం తన ధర్మానికి పొసగదని చెప్పి పాట మానేయడం, ఆ కథకు వేళ ఇంకా రాలేదు. ముందు 1990లలో తెలుగు, హిందీ పాప్ ఆల్బమ్‌ల సంగతి తేల్చాలి. వచ్చే భాగం బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’తో మొదలవుతుంది.